నాటు నాటు - అంతర్జాతీయ పురస్కారాలలో ఎంపిక, ప్రదర్శన, అభిప్రాయాలు

'నాటు నాటు' ఎస్.ఎస్.రాజమౌళి దర్శకత్వంలో 2022 మార్చి 25న విడుదలైన తెలుగు చలనచిత్రం 'ఆర్ఆర్ఆర్'లోని ఒక పాట. దీనికి ఎం.ఎం.కీరవాణి సంగీతాన్ని, చంద్రబోస్ సాహిత్యాన్ని సమకూర్చారు. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ ఈ పాటను పాడారు. ప్రేమ్ రక్షిత్ నృత్య దర్శకత్వం వహించాడు. తెరపై జూనియర్ ఎన్.టి.ఆర్., రామ్ చరణ్ నర్తించారు. 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్ పురస్కారాన్ని, 2023 మార్చి 12న 95వ అకాడమీ పురస్కారాన్ని (ఆస్కార్) ఉత్తమ ఒరిజినల్ పాట విభాగంలో ఈ పాట గెలుచుకున్నది. ఒక భారతీయ చలనచిత్రంలోని పాటకు ఆస్కార్ లభించడం ఇదే ప్రథమం.

ఈ విజయంపై తెలుగునాట, దేశ విదేశాలలో విస్తృతమైన చర్చ జరిగింది. ఆ చర్చలో పాట, నృత్యం, వేదికపై ప్రదర్శన, ఓటింగు అనే నాలుగు వేర్వేరు అంశాలు తరచుగా కలగలిసిపోయాయి. నిజానికి ఆస్కార్ ఓటింగు వేదికపై ప్రదర్శనకు ఐదు రోజుల ముందే ముగిసింది. పురస్కారం కూడా స్వరకర్తకు, గీత రచయితకు మాత్రమే చెందింది. గాయకులకు, నర్తకులకు, నృత్య దర్శకునికి అందులో భాగం లేదు. ఈ పాట ఎలా ఎంపికైనది, దాని ప్రదర్శన గురించి, ఓటింగు గురించి ఎటువంటి అభిప్రాయాలు వెలువడినవి అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పాట నేపథ్యం

చిత్రకథ ప్రకారం ఈ పాట 1920 ప్రాంతపు ఢిల్లీలో ఆంగ్లేయుల విందులో వస్తుంది. పాశ్చాత్య నృత్యాలు రావని ఒక ఆంగ్ల యువకుడు భీమ్‌ను అవమానించగా, అతని స్నేహితుడు రామ్ పాటను అందుకుంటాడు. ఆ విధంగా పాట ఒక పందెంగా సాగుతుంది. ఎవరు ఎక్కువసేపు నిలబడి ఆడగలరన్నదే ఆ పందెం. కథలోనే పోటీగా పుట్టిన పాట తరువాత అంతర్జాతీయ పోటీలో నిలవడం విశేషం.

పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరంలోని మారిన్‌స్కీ భవనం ఎదుట చిత్రీకరించారు. ఇది ఆ దేశాధ్యక్షుని అధికారిక ఉత్సవ భవనం. చిత్రీకరణ జరిగిన కొన్ని నెలలకే, 2022 ఫిబ్రవరిలో, రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి యుద్ధాన్ని ప్రారంభించింది. పాటను 2021 నవంబరు 10న విడుదల చేశారు.

దక్షిణాది జానపద గీతాలలోను, పెళ్ళి ఊరేగింపులలోను తరచుగా వినిపించే 6/8 లయలో కీరవాణి ఈ పాటను స్వరపరచాడు. వేగంగా పరుగెత్తే ఈ లయకు పదాలు కూడా చిన్నవిగా, ఒత్తులతో కూడి ఉండాలి. చంద్రబోస్ గ్రామదేవత జాతర, కర్రసాము, కిర్రు చెప్పులు, జొన్నరొట్టె వంటి పల్లె దృశ్యాలను ఒకదాని వెంట ఒకటిగా ఉపమానాలుగా పేర్చాడు. ఆయన స్వగ్రామం పూర్వపు వరంగల్ జిల్లాలోని చల్లగరిగ. పాటలో అధిక భాగం సగం రోజులోనే వ్రాశానని, మిగిలిన కొద్ది భాగం పూర్తి కావడానికి సంవత్సరంన్నరకు పైగా పట్టిందని ఆయన పలు ఇంటర్వ్యూలలో తెలిపాడు.

పేరు, భాష

తెలుగులో 'నాటు' అనగా పల్లెకు చెందినది, స్థానికమైనది, మెరుగులు దిద్దనిది అని అర్థం. నాటుకోడి, నాటువైద్యం, నాటుబండి వంటి పదబంధాలలో ఈ మాట వాడుకలో ఉన్నది. పట్టణ నాగరికత దృష్టిలో కొంత చిన్నచూపు కూడా ఈ మాటలో ధ్వనిస్తుంది. ఆ చిన్నచూపునే గర్వంగా తిప్పి చెప్పడం పాటలోని ప్రధాన భావం.

పాట ఇతర భాషలలోకి కూడా అనువదించబడింది. తమిళంలో 'నాట్టు కూత్తు', కన్నడంలో 'హళ్ళి నాటు', మలయాళంలో 'కరింతోల్', హిందీలో 'నాచో నాచో' అని పేర్లు పెట్టారు. తమిళ, కన్నడ రూపాలు మూలంలోని పల్లెతనాన్ని నిలుపుకోగా, హిందీలో అది 'నర్తించండి' అన్న అర్థానికి మారిపోయింది.

ఈ తేడాకు పోటీ విషయంలో ప్రాధాన్యం ఉన్నది. 2022 మే 20 నుండి నెట్‌ఫ్లిక్స్‌లో అందుబాటులోకి వచ్చినది చిత్రం యొక్క హిందీ రూపం. తెలుగు మూలం జీ5లో ప్రసారమైనది. కనుక అమెరికాలో ఇంట్లో కూర్చుని చిత్రాన్ని చూసిన వారిలో చాలామంది మొదట విన్నది హిందీ పాటనే. అయితే పురస్కారాలకు సమర్పించినది, నామినేషన్ పొందినది, వేదికపై పాడినది తెలుగు పాట.

పోటీలోకి ప్రవేశం

భారతదేశం తరఫున అంతర్జాతీయ చలనచిత్రం విభాగానికి ఒకే చిత్రాన్ని పంపవలసి ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఈ విభాగానికి పాన్ నళిన్ దర్శకత్వం వహించిన గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను ఎంపిక చేసింది. ఈ నిర్ణయంపై మిశ్రమ స్పందన వచ్చింది. అయితే మిగిలిన విభాగాలకు దేశం తరఫున ఎంపిక కావలసిన అవసరం లేదు. అమెరికాలో నియమానుసారం ప్రదర్శించబడిన చిత్రాలు నేరుగా పోటీ పడవచ్చును. ఆర్ఆర్ఆర్ బృందం ఈ మార్గాన్ని అనుసరించి పలు విభాగాలలో చిత్రాన్ని పరిశీలనకు పెట్టింది. చివరకు నామినేషన్ లభించినది పాట విభాగంలో మాత్రమే.

అమెరికాలో చిత్రానికి ఆదరణ పెరగడంలో పంపిణీదారు వేరియన్స్ ఫిలిమ్స్ పాత్ర చెప్పుకోదగినది. మొదటి విడుదల ముగిసిన తరువాత, 2022 జూన్ 1న ఈ సంస్థ చిత్రాన్ని ఆ దేశంలోని పలు థియేటర్లలో మరొకసారి ప్రదర్శించింది. 2022 సెప్టెంబరు 30న లాస్ ఏంజెలెస్‌లోని టి.సి.ఎల్. చైనీస్ థియేటరులో ప్రత్యేక ప్రదర్శన జరిగింది. ఇటువంటి ప్రదర్శనలలో ఈ పాట రాగానే ప్రేక్షకులు లేచి తెర ముందుకు వెళ్ళి నర్తించిన దృశ్యాలు విస్తృతంగా ప్రచారమయ్యాయి.

ఎంపిక విధానం

ఆస్కార్ పురస్కారాలను అమెరికాలోని అకాడమీ ఆఫ్ మోషన్ పిక్చర్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ సభ్యులు ఓటింగు ద్వారా నిర్ణయిస్తారు. ప్రజలకు ఓటు లేదు. పాట విభాగంలో ఎంపిక మూడు దశలలో జరుగుతుంది.

మొదటి దశలో అర్హత గల పాటల నుండి 15 పాటల జాబితాను సంగీత విభాగ సభ్యులు, అనగా స్వరకర్తలు, గీత రచయితలు మొదలైనవారు, ఎన్నుకుంటారు. పాట ఆ చిత్రం కొరకే కొత్తగా వ్రాయబడి, స్వరపరచబడి ఉండాలి. చిత్రం మధ్యలో గాని, చివరి పేర్లతో పాటు వచ్చే మొదటి సంగీతంగా గాని స్పష్టంగా వినిపించాలి. 2022 సంవత్సరానికి 81 పాటలు అర్హత పొందాయి. 15 పాటల జాబితా 2022 డిసెంబరు 21న వెలువడింది.

రెండవ దశలో అదే విభాగ సభ్యులు ఐదు నామినేషన్లను ఎన్నుకుంటారు. ఇందుకై పాటలు చిత్రంలో వచ్చిన దృశ్య భాగాలను సభ్యులకు అందజేస్తారు. సభ్యులు తమకు నచ్చిన పాటలను వరుసక్రమంలో సూచిస్తారు. కనుక ఈ దశలో ఓటర్లు విన్నది విడిగా ఉన్న పాటను కాదు, నృత్యంతో కూడిన సన్నివేశాన్ని. నామినేషన్లు 2023 జనవరి 24న ప్రకటించబడ్డాయి.

మూడవ దశలో అన్ని విభాగాలకు చెందిన అకాడమీ సభ్యులు ఓటు వేయవచ్చును. ఆ ఏడాది ఓటు హక్కు గల సభ్యుల సంఖ్య తొమ్మిది వేలకు పైబడినది. ఉత్తమ చిత్రానికి ప్రాధాన్య క్రమపు ఓటు అమలులో ఉండగా, పాట విభాగంలో ఎక్కువ ఓట్లు వచ్చిన పాటయే విజేత. తుది ఓటింగు 2023 మార్చి 2 నుండి 7 వరకు జరిగింది. ఓట్ల లెక్కింపును ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ సంస్థ నిర్వహిస్తుంది. ఏ పాటకు ఎన్ని ఓట్లు వచ్చాయో అకాడమీ వెల్లడించదు. అందువలన 'నాటు నాటు' ఎంత ఆధిక్యంతో గెలిచిందన్నది ఎవరూ చెప్పగలిగినది కాదు.

నామినేషన్ పొందిన పాటలు

* 'నాటు నాటు' (ఆర్ఆర్ఆర్) - సంగీతం: ఎం.ఎం.కీరవాణి, సాహిత్యం: చంద్రబోస్. పురస్కారం పొందిన పాట.
* 'అప్లాజ్' (టెల్ ఇట్ లైక్ ఎ ఉమన్) - డయాన్ వారెన్.
* 'హోల్డ్ మై హ్యాండ్' (టాప్ గన్: మావెరిక్) - లేడీ గాగా, బ్లడ్‌పాప్.
* 'లిఫ్ట్ మి అప్' (బ్లాక్ పాంథర్: వకాండా ఫరెవర్) - టెమ్స్, రిహానా, ర్యాన్ కూగ్లర్, లుడ్విగ్ గోరాన్సన్.
* 'దిస్ ఈజ్ ఎ లైఫ్' (ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్) - ర్యాన్ లాట్, డేవిడ్ బర్న్, మిట్స్‌కీ.

లేడీ గాగా, రిహానా వంటి ప్రపంచ ప్రసిద్ధ గాయనుల పాటలు పోటీలో ఉండటం గమనార్హం. డయాన్ వారెన్‌కు అది 14వ నామినేషన్. అప్పటివరకు ఆమె పోటీ విభాగంలో ఒక్కసారి కూడా గెలవలేదు. ఐదింటిలో ఆంగ్లేతర పాట 'నాటు నాటు' ఒక్కటే.

అంతకు ముందు ఈ విభాగంలో భారతీయుల పేర్లు మూడు సందర్భాలలో ప్రముఖంగా వినిపించాయి. 2009లో 'జయహో' పాటకు ఎ.ఆర్.రెహమాన్, గుల్జార్ పురస్కారం పొందారు. అయితే 'స్లమ్‌డాగ్ మిలియనీర్' బ్రిటిష్ చిత్రం. 2011లో రెహమాన్ ('127 అవర్స్'), 2013లో బాంబే జయశ్రీ ('లైఫ్ ఆఫ్ పై') నామినేషన్లు పొందారు.

ఇతర పురస్కారాలు

గోల్డెన్ గ్లోబ్ పురస్కారాన్ని అప్పట్లో హాలీవుడ్ ఫారిన్ ప్రెస్ అసోసియేషన్ అందజేసేది. ఓటర్లు సుమారు 200 మంది పాత్రికేయులు మాత్రమే. ఆ పోటీలో టేలర్ స్విఫ్ట్ వ్రాసిన 'కరోలినా', 'పినోకియో' చిత్రంలోని 'చావ్ పాపా' కూడా ఉన్నాయి. 2023 జూన్‌లో ఆ సంఘం రద్దై, పురస్కారాల నిర్వహణ ఇతర సంస్థల చేతికి వెళ్ళింది. 2023 జనవరి 15న క్రిటిక్స్ ఛాయిస్ పురస్కారాలలో కూడా ఈ పాట ఉత్తమ గీతంగా ఎంపికైనది. ఇక్కడ ఓటర్లు సినీ విమర్శకులు.

పాత్రికేయులు, విమర్శకులు, సినీ కళాకారులు అనే మూడు వేర్వేరు ఓటర్ల సమూహాలు ఒకే పాటను ఎన్నుకోవడాన్ని విజయానికి బలమైన సమర్థనగా పలువురు పేర్కొన్నారు. అయితే ఈ పురస్కారాలు ఒకదాని ప్రభావం మరొకదానిపై పడేంత దగ్గరి తేదీలలో జరుగుతాయని కూడా గుర్తించవలసి ఉంది.

వేదికపై ప్రదర్శన

2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లోని డాల్బీ థియేటరులో జరిగిన కార్యక్రమంలో ఐదు పాటలూ ప్రదర్శించబడ్డాయి. 'నాటు నాటు'ను నటి దీపికా పదుకొణె సభకు పరిచయం చేసింది. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులో పాడగా, కీవ్ భవనాన్ని తలపించే రంగాలంకరణ ముందు నర్తకుల బృందం నృత్యం చేసింది. ప్రదర్శన ముగియగానే సభికులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేశారు.

పురస్కారాన్ని స్వీకరించిన కీరవాణి, తాను చిన్ననాటి నుండి వింటూ పెరిగిన అమెరికన్ సంగీత బృందం 'ది కార్పెంటర్స్' వారి ప్రసిద్ధ గీతపు వరుసలో తన కృతజ్ఞతలను పాడి వినిపించాడు. దీనికి స్పందనగా ఆ బృంద సభ్యుడు రిచర్డ్ కార్పెంటర్ తన కుటుంబంతో కలిసి అదే వరుసలో అభినందన గీతాన్ని పాడి విడుదల చేశాడు.

ప్రదర్శనపై అభిప్రాయాలు

ప్రదర్శనలోని ఉత్సాహాన్ని అత్యధికులు మెచ్చుకున్నారు. తెలుగు పదాలను ఏ మార్పూ లేకుండా ఆ వేదికపై వినిపించడం తెలుగువారికి ప్రత్యేకమైన ఆనందాన్ని కలిగించింది.

మరోవైపు, నర్తకులలో దక్షిణాసియాకు చెందినవారు దాదాపు లేకపోవడం అమెరికాలోని భారతీయ సంతతి కళాకారుల నుండి తీవ్ర విమర్శకు గురైంది. ప్రధాన నర్తకులలో ఒకరైన లారెన్ గాట్లీబ్ అమెరికన్. 2013 నాటి హిందీ చిత్రం 'ఎబిసిడి'లో ఆమె నటించింది. వలసపాలకుల అహంకారాన్ని ఎదిరించే పాటకు, ఆ పాట ఎవరిదో ఆ జనానికే చోటు లేకపోయిందన్నది విమర్శకుల వాదన. అమెరికాలో శిక్షణ పొందిన దక్షిణాసియా నర్తకులు ఎందరో అందుబాటులో ఉన్నారని వారు గుర్తుచేశారు.

తెరపై నర్తించిన ఇద్దరు నటులు వేదికపై ఎందుకు ఆడలేదన్నది మరొక ప్రశ్న. కార్యక్రమ నిర్మాణ బృందంలోని రాజ్ కపూర్ తెలిపిన ప్రకారం, మొదట వారితోనే ప్రదర్శన ఇప్పించాలని భావించారు. అయితే ఇతర పనుల ఒత్తిడి, సాధనకు తగినంత సమయం లేకపోవడం వలన ప్రత్యక్షంగా నర్తించడానికి వారు సుముఖత చూపలేదు. చిత్రంలో ఇద్దరి అడుగులు, చేతులు ఒకే క్షణంలో కదిలేలా చేయడానికి పలుమార్లు చిత్రీకరణ జరపవలసి వచ్చిందన్నది తెలిసినదే. కొద్దిపాటి సాధనతో అటువంటి ఏకత్వాన్ని ప్రత్యక్ష ప్రదర్శనలో సాధించడం కష్టమన్న వాదనలో బలం ఉన్నది.

ఈ విమర్శలు ఎంత సహేతుకమైనవైనప్పటికీ, ప్రదర్శన బాగోగులు ఫలితాన్ని ప్రభావితం చేయలేదు. మార్చి 7న ఓటింగు ముగియగా, ప్రదర్శన మార్చి 12న జరిగింది. ప్రదర్శన వలన పాట గెలిచిందన్న మాట గాని, ప్రదర్శన బాగుండకపోతే ఓడిపోయేదన్న మాట గాని సరికాదు.

ఎంపికపై అభిప్రాయాలు

ఆర్ఆర్ఆర్‌లోనే ఇంతకంటె మెరుగైన పాటలు ఉన్నాయన్న అభిప్రాయం తెలుగు శ్రోతలలో కొందరి నుండి వెలువడింది. సుద్దాల అశోక్ తేజ వ్రాయగా కాలభైరవ పాడిన 'కొమురం భీముడో', సిరివెన్నెల సీతారామశాస్త్రి వ్రాసిన 'దోస్తీ' పాటలను ఇందుకు ఉదాహరణగా చూపారు. సాహిత్య గాంభీర్యాన్ని కొలమానంగా తీసుకుంటే ఈ అభిప్రాయం త్రోసిపుచ్చదగినది కాదు.

భారతదేశంలోని నిపుణుల తీర్పు దీనికి ఆసక్తికరమైన పోలికను అందిస్తుంది. 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో కాలభైరవకు ఉత్తమ గాయకుడి పురస్కారం 'కొమురం భీముడో' పాటకు లభించింది. కీరవాణికి నేపథ్య సంగీతానికి పురస్కారం వచ్చింది. చంద్రబోస్ ఉత్తమ గీత రచయితగా ఎంపికైనది 'కొండపొలం' చిత్రంలోని పాటకు. 'నాటు నాటు'కు దక్కినది ప్రేమ్ రక్షిత్‌కు ఉత్తమ నృత్య దర్శకత్వ పురస్కారం. అనగా, ఒకే పాటలో అమెరికా ఓటర్లు స్వరాన్ని, సాహిత్యాన్ని గౌరవించగా, భారతీయ న్యాయనిర్ణేతలు నృత్యాన్ని గౌరవించారు.

ఈ తేడాకు పురస్కారాల వర్గీకరణే ప్రధాన కారణం. ఆస్కార్‌లలో నృత్య దర్శకత్వానికి ప్రత్యేక విభాగం లేదు. 1930ల మధ్యలో మూడు సంవత్సరాల పాటు అటువంటి విభాగం ఉండి, తరువాత రద్దైనది. తెలుగు పాట అర్థం కాని ఓటర్లను మొదట ఆకర్షించినది నృత్యమే అని ఒప్పుకుంటే, ఆ నృత్యాన్ని రూపొందించినవాని పేరు విజేతల పట్టికలో లేకపోవడం ఈ విజయంలోని పెద్ద లోటు అని చెప్పవచ్చును.

ప్రచార వ్యయం

ఆస్కార్ ప్రచారానికి భారీగా ఖర్చు పెట్టారన్న విమర్శ 2023 మార్చిలో వివాదమైనది. దర్శక నిర్మాత తమ్మారెడ్డి భరద్వాజ ఒక సభలో మాట్లాడుతూ ఈ ప్రచారానికి 80 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయని, ఆ సొమ్ముతో ఎన్నో చిన్న చిత్రాలు తీయవచ్చునని వ్యాఖ్యానించాడు. దర్శకుడు కె.రాఘవేంద్రరావు, నటుడు నాగబాబు దీనిని ఖండించారు. అంత ఖర్చయినట్లు లెక్కలు ఉన్నాయా అని రాఘవేంద్రరావు ప్రశ్నించాడు. తరువాత రాజమౌళి కుమారుడు, ప్రచార బాధ్యతలు చూసిన ఎస్.ఎస్.కార్తికేయ మొత్తం వ్యయం సుమారు 8.5 కోట్ల రూపాయలని, పురస్కారాన్ని డబ్బుతో కొనడం సాధ్యం కాదని వివరణ ఇచ్చాడు.

వేల సంఖ్యలో ఉన్న సభ్యులు చిత్రాన్ని చూడాలంటే ప్రదర్శనలు, ప్రకటనలు, ముఖాముఖి సమావేశాలు అవసరమవుతాయి. అమెరికన్ నిర్మాణ సంస్థలు కూడా ఏటా ఇదే పని చేస్తాయి. అయితే ఈ ఖర్చు భరించలేని చిన్న చిత్రాలలోని పాటలు ఓటర్ల చెవిన పడే అవకాశమే తక్కువన్న మౌలికమైన ప్రశ్న అలాగే మిగిలి ఉన్నది.

అభిమానుల స్పందన

కార్యక్రమం తరువాత కాలభైరవ తనకు వేదికపై పాడే అవకాశం రావడానికి కారకులైనవారికి కృతజ్ఞతలు తెలుపుతూ ఒక ప్రకటన చేశాడు. అందులో ఇద్దరు కథానాయకుల పేర్లు లేవని అభిమానులు ఆగ్రహించారు. పాట విజయానికి వారిద్దరూ కారణమనడంలో తనకు సందేహం లేదని చెబుతూ ఆయన క్షమాపణ కోరాడు. పురస్కారం ఎవరికి చెందుతుందన్న విషయంలో నియమాలకు, జనాభిప్రాయానికి ఉన్న దూరం ఈ సంఘటనలో స్పష్టమవుతుంది.

తెలుగు పాటా, భారతీయ పాటా?

గోల్డెన్ గ్లోబ్ లభించినప్పుడు నాటి ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి తెలుగు పతాకం ఎగురుతున్నదని అభినందనలు తెలిపాడు. దీనిపై గాయకుడు అద్నాన్ సమీ అభ్యంతరం తెలిపాడు. దేశాన్ని వేరుచేసి మాట్లాడరాదని, అది భారత పతాకమని అతడు వ్యాఖ్యానించాడు. భాషాభిమానం దేశాభిమానానికి విరుద్ధం కాదని పలువురు తెలుగువారు బదులిచ్చారు.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. విదేశాలలో భారతీయ చిత్రాలన్నిటినీ 'బాలీవుడ్' అని పిలిచే అలవాటు ఉన్నది. ఆర్ఆర్ఆర్ బాలీవుడ్ చిత్రం కాదని, దక్షిణ భారతానికి చెందిన తెలుగు చిత్రమని రాజమౌళి 2023 జనవరిలో అమెరికాలో ఒక ప్రదర్శన సందర్భంగా స్పష్టం చేశాడు. అయినప్పటికీ ఆస్కార్ వేదికపై వ్యాఖ్యాత జిమ్మీ కిమ్మెల్ నోట బాలీవుడ్ ప్రస్తావన రావడం విమర్శలకు దారితీసింది. తెలుగు అన్న పేరును పట్టుబట్టి చెప్పవలసిన అవసరం ఎందుకు వచ్చిందో దీనినిబట్టి అర్థమవుతుంది.

ఇతర పాటల పోటీలతో పోలిక

యూరోవిజన్ పాటల పోటీ 1956లో ప్రారంభమైనది. అందులో పాల్గొనే ప్రతి దేశం ఒక పాటను పంపుతుంది. పాట నిడివి మూడు నిమిషాలు మించరాదు. వేదికపై ఆరుగురికి మించి ఉండరాదు. వేదికపై ప్రదర్శనలను చూసి న్యాయనిర్ణేతలు, ప్రేక్షకులు ఓటు వేస్తారు. తమ దేశపు పాటకు తాము ఓటు వేయరాదు. కనుక ఆ పోటీలో వేదికపై ప్రదర్శన ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఆస్కార్‌లో నిర్ణయించదు.

నిపుణుల అభిప్రాయం, ప్రజాభిప్రాయం ఎంతగా వేరుపడగలవో 2022 యూరోవిజన్ ఫలితాలు తెలుపుతాయి. యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ నుండి వచ్చిన 'స్తెఫానియా' పాట న్యాయనిర్ణేతల లెక్కలో నాలుగవ స్థానంలోనే నిలిచింది. ప్రేక్షకుల ఓట్ల ద్వారా 439 పాయింట్లు పొంది, మొత్తం 631 పాయింట్లతో గెలుపొందింది. ఇది సంగీతానికి పడిన ఓటా, సానుభూతికి పడిన ఓటా అన్న చర్చ అప్పట్లో జరిగింది. 2023 నుండి పోటీలో పాల్గొనని దేశాల ప్రేక్షకులకు కూడా ఇంటర్నెట్ ద్వారా ఓటు వేసే వీలు కల్పించారు.

తెలుగువారికి ఎక్కువగా పరిచయమైన ఓటింగు 'ఇండియన్ ఐడల్' కార్యక్రమానిది. 2006లో ఎన్.సి.కారుణ్య రెండవ స్థానంలో నిలిచాడు. 2010లో శ్రీరామచంద్ర, 2017లో ఎల్.వి.రేవంత్ విజేతలైనారు. వీరు పోటీలో ఉన్నప్పుడు ప్రాంతాభిమానంతో ఓట్లు వేయాలన్న ప్రచారం తెలుగునాట జరిగింది. ఆ అలవాటు వలన ఆస్కార్ విషయంలో కూడా జనాదరణే గెలిపిస్తుందన్న భావన కొందరిలో ఏర్పడింది. వాస్తవానికి ఆ ఓటర్లలో తెలుగువారి సంఖ్య నామమాత్రం. భాష తెలియనివారు వేసిన ఓట్లతో గెలవడమే ఈ విజయంలోని విశేషం.

హిందూపురం ప్రాంతంతో సంబంధం

ఆర్ఆర్ఆర్ విడుదలకు ముందు, 2022 మార్చి 19న, ప్రధాన ప్రచార సభ కర్ణాటకలోని చిక్కబళ్ళాపురంలో జరిగింది. నాటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై, నటుడు శివరాజ్‌కుమార్ అతిథులుగా హాజరయ్యారు. చిక్కబళ్ళాపురం జిల్లాకు ఆనుకొని ఉన్న తెలుగు ప్రాంతం హిందూపురం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అప్పటికి అనంతపురం జిల్లాలో ఉండేవి. చిత్రం విడుదలైన పది రోజులకు, 2022 ఏప్రిల్ 4న, ఇవి కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి.

పాటలో నర్తించిన జూనియర్ ఎన్.టి.ఆర్. కుటుంబానికి హిందూపురంతో రాజకీయ అనుబంధం ఉన్నది. ఆయన తాత నందమూరి తారక రామారావు 1985, 1989, 1994 ఎన్నికలలో ఇక్కడి నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. తారక రామారావు మరణానంతరం 1996లో జరిగిన ఉప ఎన్నికలో జూనియర్ ఎన్.టి.ఆర్. తండ్రి హరికృష్ణ గెలుపొందాడు. 2014 నుండి జరిగిన మూడు ఎన్నికలలో నందమూరి బాలకృష్ణ విజయం సాధించాడు.

భాష దృష్ట్యా కూడా ఈ సరిహద్దు ప్రాంతం గమనింపదగినది. ఇక్కడి జనులలో చాలామందికి తెలుగు, కన్నడం రెండూ తెలుసు. తెలుగులో నాటుకోడి అన్నదే కన్నడంలో 'నాటి కోళి'. కనుక హిందీలో జారిపోయిన 'నాటు' అర్థం ఈ రెండు భాషల సరిహద్దులో ఏ అనువాదమూ లేకుండానే తెలుస్తుంది.

తరువాతి పరిణామాలు

2023 జూన్‌లో అకాడమీ కొత్త సభ్యులుగా ఆహ్వానించిన వారి జాబితాలో కీరవాణి, చంద్రబోస్, జూనియర్ ఎన్.టి.ఆర్., రామ్ చరణ్, ఛాయాగ్రాహకుడు కె.కె.సెంథిల్ కుమార్, కళా దర్శకుడు సాబు సిరిల్ ఉన్నారు. 2024 జాబితాలో రాజమౌళి, వస్త్రాలంకరణ నిపుణురాలు రమా రాజమౌళితో పాటు నృత్య దర్శకుడు ప్రేమ్ రక్షిత్ పేరు కూడా చోటు చేసుకున్నది. ఆహ్వానాన్ని స్వీకరించి సభ్యులైనవారికి ఆస్కార్‌లలో ఓటు హక్కు లభిస్తుంది. పురస్కారంలో పేరు లేకపోయిన నృత్య దర్శకునికి ఈ విధంగా ఓటరుగా స్థానం లభించే అవకాశం ఏర్పడింది.